అతుకు మీది ఇంటూ గుర్తు

బెల్టుకు ఎక్స్‌రే తీస్తారట అన్న కబురు మా కాలనీలో మొదట నల్లా దగ్గర దిగింది. పక్క క్వార్టర్ ఆమె ఏడాదిగా మోకాలి నొప్పితో కుంటుతోంది. "మన కాళ్లకు తీసెటందుకేమో కరీంనగర్ దాక పోవాలె, బెల్టుకైతె మిషినే ఇంటికాడికి వస్తదా?" అని ఆమె అనేసరికి బిందెలు కింద పెట్టి మరీ నవ్వాం. ఆ నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. వారం తిరక్కుండానే ఆ ఎక్స్‌రే వల్ల మా ఇంట్లో వండిన అన్నం వండినట్టే ఉండిపోతుందని అప్పుడు నాకేం తెలుసు.

మాది సుల్తానాబాద్ దగ్గర వరి పొలాల ఊరు. నేను చదివింది నాలుగో తరగతి. పెళ్లయి ఈ బొగ్గు గనుల కాలనీకి వచ్చేదాకా బెల్టంటే నడుముకు పెట్టుకునేదే అనుకున్నాను. అబ్బాయి బెల్టు అతుకులు వేస్తాడని పెళ్లిచూపుల్లో చెబితే మా అవ్వ "దర్జీ పనా?" అని అడిగింది. ఆ మాట చెప్పి మా ఆయన ఇప్పటికీ నన్ను ఏడిపిస్తాడు.

ఆ పని ఏమిటో నేను ఆయన నోటి నుంచి విని విని నేర్చుకున్నాను. గనిలో తవ్విన బొగ్గు ప్లాంటుకు రబ్బరు పట్టా మీద పోతుంది. ఆ పట్టానే వాళ్లు బెల్టు అంటారు. వెడల్పు మా వరండా అంత, పొడవేమో ఈ చివర నిలబడితే ఆ చివర కనిపించనంత. అంత పొడుగు పట్టా ఒకే ముక్కగా రాదు. ముక్కలు తెచ్చి అతకాలి. రబ్బరు లోపల వరసగా ఉక్కు తీగలుంటాయి. రెండు చివరల్లో రబ్బరు ఒలిచి, ఈ వైపు తీగల సందుల్లోకి ఆ వైపు తీగలను జడ పాయల్లా సర్ది, మధ్యలో పచ్చి రబ్బరు నింపి, కిందా పైనా వేడి పలకలు పెట్టి బిగించి ఉడకబెడతారు. ఉడకబెట్టడం నా మాట కాదు, అక్కడ పనిచేసే వాళ్లందరూ అనే మాటే.

అయితే ఒక చిక్కు ఉంది. అన్నం ఉడికిందో లేదో నేను మెతుకు పట్టి చూస్తాను. ఆయనకు ఆ వీలు లేదు. లోపల తీగలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడాలంటే అతుకును కోయాలి, కోస్తే ఇక అతుకెక్కడిది? అందుకని ఇన్నేళ్లూ పైన అరచెయ్యి వేసి తడిమి, చిన్న సుత్తెతో కొట్టి చప్పుడు విని, రిజిస్టర్‌లో బాగుంది అని రాసి సంతకం పెట్టేవాడు. ఇప్పుడు ఆదిలాబాద్ వైపు నుంచి కొత్తగా ఒక ఇంజనీరు వచ్చాడు, పాతికేళ్లు దాటి ఎక్కువ కాలేదు. కోయకుండా, చీల్చకుండా లోపల ఏముందో చూసే మిషన్లు వచ్చాయి, మన అతుకులన్నీ ఒకసారి చూపిద్దాం అన్నాడు. మా ఆయన కూడా సంబరపడ్డాడు. రిటైరయ్యే లోపల తన చేతి పని లోపలి నుంచి ఎలా ఉంటుందో చూసి పోతానన్నాడు. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది.

ఎక్స్‌రేకు ముందు బెల్టు కాసేపు ఆపి అతుకుల దగ్గర మసి కడిగారు. కడిగినచోట అంచున, బొగ్గు పడని జాగాలో, తెల్ల రంగుతో పెట్టిన చిన్న చిన్న గుర్తులు బయటపడ్డాయి. అన్నిటి మీదా లేవు. నాలుగు అతుకుల మీదే ఉన్నాయి. ఒక గీత నిలువు, ఒక గీత అడ్డం. అరిగి, వంగి, పక్కనుంచి నడిచే దారిలో నిలబడి చూస్తే అచ్చం ఇంటూ గుర్తు.

లెక్కల్లో ఇంటూ పెడితే తప్పని నాలుగో తరగతి దాకా చదివిన నాకే తెలుసు. ప్లాంటులోనూ అంతే. మంచి దానికి టిక్కు, పనికిరాని దానికి ఇంటూ. ఇంజనీరు రిజిస్టర్ తెప్పించి చూశాడు. ఆ నాలుగు అతుకుల ఎదుట బాగుంది అని రాసి ఉంది, కింద మా ఆయన సంతకం ఉంది. పైన ఇంటూ, పుస్తకంలో బాగుంది. ఆ పిల్లాడు ఏమనుకుంటాడు? చెడిపోయిందని తెలిసీ దాచి, బెల్టు నడిపించారని అనుకున్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన చేతిలో ఒక కాగితంతో ఇంటికి వచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. ఆఫీసులో ఒకాయనతో చదివించుకుని వచ్చి నాకు తెలుగులో చెప్పాడు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే సస్పెండ్ చేసి ఎంక్వైరీ పెడతారు. కాళ్లు కడుక్కుని వచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు కానీ చెయ్యి అన్నంలో పెట్టలేదు.

"గా గుర్తులు నువ్వే పెట్టినవా?" అని అడిగాను.

"నేనే."

"మరి గవి చెడిపోయిన అతుకులేనా?"

పళ్లెం పక్కకు జరిపాడు. "తెల్వదే," అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో తన పని గురించి తెలియదు అన్న మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. పళ్లెం మీద మూత పెట్టి లోపలికి తీసుకుపోయాను.

మర్నాడు పొద్దున ఆయనతో కలిసి అతుకులు వేసే అతను మా ఇంటికి వచ్చాడు. ఈయన కన్నా పదేళ్లు చిన్న, నన్ను వదినె అని పిలుస్తాడు. కొండగట్టు అంజన్న భక్తుడు. ఏటా దీక్ష మాల వేస్తాడు. అతుకు పూర్తయి బెల్టు మళ్లీ తిరిగే ముందు కొబ్బరికాయ కొట్టి, రోలరుకు కుంకుమ పెట్టేది అతనే. మేము మెథడిస్టు చర్చి వాళ్లం, ఈయన మొక్కిన కొబ్బరి తినడు. ఆ సంగతి తెలిసి అతను కాయ కొట్టగానే, మొక్కక ముందే ఒక చిప్ప పక్కకు తీసి ఈయనకు ఉంచుతాడు. ఒక్కసారి కూడా మరిచిపోలేదు. వాళ్లిద్దరి దోస్తీ అలాంటిది.

అతను వచ్చీ రాగానే ఉపాయం చెప్పాడు. బెల్టు పక్క మెట్ల రెయిలింగ్‌కు తెల్ల రంగు వేసినప్పుడు చిందిందని రాసేస్తే అయిపోతుందట. ఎవరు అడిగినా తానూ అదే చెబుతానన్నాడు. ఈయన తల అడ్డంగా ఊపాడు. చిందిన రంగు నాలుగు చోట్లా ఒకేలా చిందుతుందా అన్నాడు. నిజమే, చిన్న పిల్లలు కూడా నమ్మరు.

"అయితె ఉన్నదే చెప్పు అన్నా. గది సిలువ అని చెప్పు. నేను కుంకుమ పెడ్తలేనా? నువ్వు సిలువ పెట్టినవ్. అన్ని అతుకులకు పెట్టిన, మిగిలినయి చెరిగిపోయినయి అను."

"అన్నిటికి పెట్టలే," అన్నాడు ఈయన.

"మరి?"

"భయమైనదానికే పెట్టిన."

ఆ మాటతో అతను చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. నేను వంటింటి గడప మీదే ఉన్నాను, నాకూ అప్పుడే తెలిసింది. ఏదన్నా అతుకు వేస్తుంటే వానో, కరెంటో, మరేదో అడ్డం వచ్చి మనసులో పీకుడు మొదలైతే, చేయాల్సిందంతా చేశాక, చివరికి బ్రష్ మొనతో ఒక చిన్న సిలువ పెట్టేవాడట. ప్రభువా, ఇక దీన్ని నువ్వే చూసుకో అని. మనసుకు నిబ్బరంగా ఉన్నవాటికి పెట్టలేదు. కాబట్టి ఆ ఇంజనీరు అనుమానం పూర్తిగా తప్పూ కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. ఈయన్ని తినేస్తున్నది అదే. కాగితం వచ్చిందన్న బాధ కన్నా, ఆ నాలుగింటిలో ఏదన్నా ఎక్స్‌రేలో చెడ్డదని తేలితే తన సంతకం అబద్ధమవుతుందన్న బాధే ఎక్కువ. ఆ బెల్టు పక్కన రోజూ నడిచే వాళ్లు ఇన్నేళ్లు తనను నమ్మి నడిచారు.

దోస్తు డ్యూటీకి టైమయిందని లేచి, చెప్పులేసుకుంటూ నా వైపు చూసి, జర తినిపించు వదినె అని మాత్రం చెప్పి వెళ్లాడు.

ఈయన ఆ రోజు సెలవు పెట్టాడు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. మధ్యాహ్నం దాకా గిన్నెలు తోమిన చప్పుడులోనే నా కోపమంతా చూపించాను. తర్వాత వచ్చి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"భయమైందని రాయి," అన్నాను.

"భయమైందని రాస్తె నన్నేమంటరే? భయపడ్డోని చేతి పని ఎవడు నమ్ముతడు? ఇంట్ల దేవుణ్ణి కంపెనీ బెల్టు మీదికి తెచ్చిండని గూడ అంటరు."

"అననీ. భయమైనంక ఏం చేసినవో గది గూడ రాయి. భయమై ఊకున్నవా?"

"నాకు యాదికుండాలె గదా. ఏ అతుకు ఎప్పుడు ఏసిన్నో, ఏం చేసిన్నో."

యాదికుండటం నా పని. చదువు లేకపోయినా దేవుడు నాకు ఆ ఒక్కటి ఇచ్చాడు. తారీఖులు నాకు రావు. కానీ ఏ రోజు ఇంట్లో ఏం వండానో, ఎవరొచ్చారో, ఆయన ఏ మొహంతో ఇంటికి వచ్చి ఏమన్నాడో చెప్పమంటే చెబుతాను. చిన్నప్పటి నుంచీ అంతే. మా బాపు పొలం గట్టు తగాదాలో నన్ను తీసుకుపోయి సాక్ష్యం చెప్పించాడు. సరే, అది వేరే సంగతి.

నోటు పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టాను. నేను చెబుతూ పోయాను, ఆయన రాస్తూ పోయాడు.

ఒకటి ముసురు పట్టిన రోజుది. నేను డాబా మీద ఎండబెట్టిన మిరపకాయలు తడిసిపోయిన రోజు. దించడానికి ఈయన ఇంట్లో లేడని తిట్టుకున్నాను. వచ్చాక చెప్పాడు, వాన పడకుండా తాడ్పత్రి కట్టి పనిచేశామని, అయినా జల్లు పడిందని అనుమానమొచ్చి, అప్పటికే పూసిన సొల్యూషన్ జిగురంతా గీకేసి, తీగలు ఆరబెట్టి మళ్లీ పూశామని. వేళ్ల చివర చర్మం లేచిపోయి ఉంటే నేనే కొబ్బరినూనె రాశాను.

ఇంకొకటి మా ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్న రోజు. కాలనీ మొత్తానికి కరెంటు పోయింది. పాస్టరుగారు విసనకర్రతో విసురుకుంటూ వాక్యం చెప్పారు. అందరూ పోయాక ఈయన వచ్చాడు. అతుకు సగం ఉడికి ఉండగా కరెంటు పోయిందని, విప్పేద్దామని అందరూ అన్నా పలకలు విప్పనివ్వలేదని, కరెంటు వచ్చాక మిగిలిన సగం కాకుండా మొదటి నుంచీ పూర్తి టైం ఉడకబెట్టించానని చెప్పాడు. అప్పటి ఫోర్‌మన్‌కు కూడా చెప్పాడట.

మూడోదానికి రబ్బరు పెట్టె మీద గడువు దగ్గరికి వచ్చింది. ఇది నాకు ఎలా గుర్తుందంటే, ఆ సాయంత్రం నేను పాత బియ్యప్పిండి పట్టుకుని, సర్వపిండికి పనికొస్తదా రాదా అని ఆయన్ని అడిగాను. ముందు చిన్నది ఒక్కటి కాల్చి చూడు, నేను గూడ పొద్దుగాల గట్లనే చేసిన అన్నాడు. చిన్న ముక్క ఉడకబెట్టి, పటకారుతో లాగి, తెగి రాలేదని చూసుకున్నాకే మిగతా రబ్బరు వాడాడట.

నాలుగోది మా అమ్మాయి కరీంనగర్ ఆస్పత్రిలో నొప్పులు పడుతున్న రోజు. నేను అక్కడున్నాను, ఈయన ఇక్కడ బెల్టు మీదున్నాడు. చేతులు ఇక్కడ, మనసు అక్కడ. మనవరాలు పుట్టిందని ఫోన్ చేస్తే, ఆగు, తీగల వరస సరిగుందో లేదో నేను చూసినంక తమ్మునితోటి మళ్ల చూపిస్తున్న, అయినంక చేస్త అని పెట్టేశాడు. దోస్తునే ఆయన తమ్ముడంటాడు. ఆ ఫోను పెట్టేసినందుకు మా అమ్మాయి ఇప్పటికీ అలుగుతుంది. మనవరాలి కన్నా తీగలే ఎక్కువయ్యాయా అని.

రాస్తూ రాస్తూ ఆయన ఒకచోట ఆగి నా మొహం చూశాడు. "గిదంత నేను నీకు ఎప్పుడు చెప్పిన్నే?" అన్నాడు. అన్నం తింటూ చెప్పావు అన్నాను. అన్నం తింటూ చెప్పిన మాటలు ఎక్కడికి పోతాయి.

చివరన, ఇది ఇంటూ గుర్తు కాదు సిలువ గుర్తు, భయమైనచోట పెట్టుకున్నాను, భయమైంది కాబట్టి పై పనులు చేశాను, చెడ్డదని తెలిసి దాచలేదు అని రాసి సంతకం పెట్టాడు. మొత్తం నాలుగు పేజీలు తెలుగులో. అప్పుడు లేచి, అడక్కుండానే వంటింట్లోకి పోయి రెండు రొట్టెలు తిన్నాడు. పూర్తిగా కాకపోయినా కొంత బరువు దిగినట్టుంది.

మర్నాడు ఆ కాగితాలు ఇచ్చాడు. ఇంజనీరు కూర్చోబెట్టి ఎదురుగానే చదివాడట. పాత రిజిస్టర్లు తీసి పక్కన పెట్టుకుని చదివాడట. వానకు పని ఆలస్యమైందన్నది అందులో ఉంది. కరెంటు పోయి మళ్లీ మొదటి నుంచి ఉడకబెట్టిన టైమూ ఉంది. ఇవన్నీ ఇంత బాగా ఎలా గుర్తున్నాయి అని అడిగితే, నాకు లేవు సార్, మా ఇంటామెకున్నయి అన్నాడట ఈయన. ఆ పిల్లాడు నవ్వాడు కానీ మాట మాత్రం ఇవ్వలేదు. మీరు చేసింది మీరు రాశారు, లోపల ఏముందో ఎక్స్‌రే చెప్పాలి, అది వచ్చాకే మాట్లాడుకుందాం అన్నాడు. అందులో తప్పేముంది?

ఎక్స్‌రే ఆదివారం పెట్టుకున్నారు, బెల్టు రోజంతా ఆగేది ఆ రోజే కాబట్టి. ఈయన చర్చికి రాలేదు. నేనొక్కదాన్నే పోయి ఆడవాళ్ల వరసలో కూర్చున్నాను. పాటలన్నీ నాకు పుస్తకం లేకుండా వచ్చు, అయినా ఆ రోజు పక్కామె పుస్తకంలో చూసి పాడాను. పాస్టరుగారు ఏం చెప్పారో అడిగితే చెప్పలేను. నా జ్ఞాపకంలో ఉన్న ఒకే ఒక్క ఖాళీ అది.

ఆరాధన అయి బయటకు వచ్చేసరికి గేటు దగ్గర బండి మీద మా ఆయన దోస్తు ఉన్నాడు. మొహమంతా చెమట. దూరం నుంచే నాలుగు వేళ్లు చూపించాడు. నాకు అర్థం కాక అక్కడే నిలబడిపోయాను.

"నాలుగుకు నాలుగు మంచిగున్నయి వదినె. తీగలు దువ్వినట్టున్నయట," అన్నాడు దగ్గరికి వచ్చి.

నేను చర్చి అరుగు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. అతను పక్కనే నిలబడి, నేను తేరుకునేదాకా ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు: "ఇంకొకటుంది. అన్న తోటి అనకు. అన్న సిలువలు నిలవాలెనని నేను అంజన్నకు మొక్కిన. కొండగట్టుకు నడిచి వస్తనని. ఇప్పుడు నడువాలె గద వదినె, ఎండలు చూస్తె గిట్లున్నయి."

అక్కడున్న ఆడవాళ్లందరూ నా వైపు చూసేంత గట్టిగా నవ్వాను.

ఇంటికి వచ్చి తలుపు తీసేసరికి ఈయన కూడా వచ్చాడు. సంతోషంగా ఉంటాడనుకుంటే మొహంలో ఇంకేదో ఉంది. ఏందట్లున్నవ్ అని అడిగితే అప్పుడు చెప్పాడు. నాలుగూ బాగున్నాయి. ఏ గుర్తూ లేని ఒక అతుకులో మాత్రం తీగలు కొన్ని పక్కకు జరిగి ఒకదాన్నొకటి తాకుతున్నాయట. అదీ తన చేతి పనే. తెగలేదు, ఇప్పటికిప్పుడు తెగబోవడమూ లేదు, ఇంకొన్ని నెలలు నడిస్తే తెగేదేమో. నల్లటి ఫోటోలో తెల్ల గీతలు, తల చిక్కు పడ్డట్టు ఒక్క మూల. ఆయన తన కళ్లతో చూశాడు.

ఆ అతుకు వేసిన రోజు ఎలా ఉండింది అని ఇంజనీరు అడిగాడట. చెప్పడానికి ఏముంది. వాన లేదు, కరెంటు పోలేదు, రబ్బరు కొత్తది. అందరూ నవ్వుకుంటూ చేశారు.

"మరి నువ్వేమన్నవ్?"

"గా దినం నాకు భయం గాలే సార్ అన్న."

ఆ మాటకు ఇంజనీరు ఆ ఫోటో పక్కన పెట్టాడట. అప్పటి దాకా మీరు, మీరు అన్నవాడు, మొదటిసారి కాకా అన్నాడట. వాళ్ల ఆదిలాబాద్ వైపు పెద్దవాళ్లను అలాగే పిలుస్తారు. "కాకా, తెగినంక తెలిసేది తెగక ముందే తెలిసింది. రేపు మీ చేతులతోనే మళ్లా వేయండి," అన్నాడట. ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుంటున్నట్టు అక్కడే రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ గుర్తు గురించి మాత్రం ఒకటి అడిగాడట, భయమైనప్పుడు బెల్టు మీద పెట్టుకోండి కానీ రిజిస్టర్‌లో కూడా ఏమైందో రెండు ముక్కలు రాయండి, మీ ఇంటామె లాంటి వాళ్లు అందరికీ ఉండరు కదా అని.

చెప్పడం అయిపోయాక ఆయన మొహంలోని ఆ ఇంకేదో కూడా పోయింది. అన్నం పెట్టాను. పప్పుచారు, చింతకాయ తొక్కు, అంతే. ఆదివారం కూర తేవడానికి ఎవరికి మనసున్నది. మూడుసార్లు వడ్డించుకున్నాడు. మూడోసారి తొక్కు అయిపోతే జాడీ గోకి పెట్టాను.

తిన్న చేయి కడుక్కుని అలాగే చాప మీద వాలాడు. మూడు రాత్రుల నిద్ర ఒక్కసారి మీద పడింది. చొక్కా కూడా విప్పలేదు. గురక మొదలైంది. ఇన్నేళ్లుగా ఆ గురకకు నేను తిట్టని రోజు లేదు. ఆ రోజు మాత్రం పక్కకు తిరిగి పడుకోమని లేపబుద్ధి కాలేదు.

పక్క క్వార్టర్ ఆమె సంగతేమిటో కనుక్కుందామని కుంటుకుంటూ వచ్చి, గడప మీద నుంచే "ఏమాయె, ఏమాయె?" అని అడగబోయింది. నేను నోటి మీద వేలు పెట్టి ఆమెను ఆపాను. చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు చేయకుండా తలుపు దగ్గరగా వేసి, అంతా చెప్పడానికి ఆమెను వాళ్లింటికే తీసుకుపోయాను.